నాగవేణి ఉంగరం

సబ్బు పెట్టి చూశారు, కొబ్బరినూనె పూసి చూశారు, ఐసుముక్కను గుడ్డలో చుట్టి పది నిమిషాలు అదిమిపెట్టి చూశారు, ఉంగరం కణుపు దాకా వచ్చి ఆగిపోతోంది, ఇంకాస్త లాగితే చర్మం ఊడి వచ్చేట్టుంది, గోడ గడియారంలో పది దాటి ఐదు నిమిషాలు, పదకొండింటికి నన్ను ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకుపోతారు. ఆకుపచ్చ గౌను తొడిగారు, జడ రెండుగా అల్లి గుడ్డపేలికతో కట్టారు, యాభై ఏళ్ళదాన్ని బడికి పోయే పిల్లలాగా తయారుచేశారు. కమ్మలు వచ్చాయి, ముక్కుపుడక వచ్చింది, మెట్టెలు వచ్చాయి, తాళి నా భర్త కేశవ జేబులోకి పోయింది, ఈ ఒక్కటే రానంటోంది. ఎలిజబెత్ సిస్టర్ ఓపికగల మనిషి, పొద్దుట్నుంచి నాలుగుసార్లు వచ్చి లాగి చూసింది, కానీ ఆమెకు నేనొక్కదాన్నే కాదు కదా. “లోపల కరెంటు మిషన్‌తో కోస్తారమ్మా, ఒంటి మీద బంగారముంటే ఆ తావ కాలుతుంది. కట్టర్ తెస్తా, నిమిషం పని. ఇంటికి పోయినాక అతికించుకుంటే సరిపాయె” అంది. ఆమె చెప్పింది న్యాయమే, కానీ ఆ బంగారం అరిగి అరిగి అరిటినార మందాన మిగిలింది, కత్తెర పడితే అది నిలుస్తుందా, దాని మీద కూర్చున్న రాయి నిలుస్తుందా అని నేను అనుకునేలోపలే నా మంచం పక్కన స్టూలు మీద నుంచి సుబ్బరత్నమ్మ లేచి నిలబడింది.

“కత్తిరించొద్దు పాపా. అర్ధగంట టైమియ్యి. పెట్టినోళ్ళం మేమే, మేమే తీస్తాము.”

సిస్టర్ ఆమెను కిందినుంచి మీదికి చూసింది, ఎనభై ఏళ్ళ మనిషి, నెరిసిన ముడి, నడుము దగ్గర చీర చెంగులో దోపిన సంచి. “మీ అమ్మనా?” అని నన్ను అడిగింది, నేను తల ఊపాను, నిజానికి సుబ్బరత్నమ్మ నాకు అమ్మ కాదు, అత్త కాదు, పెద్దమ్మ కాదు, కేశవ మొదటి భార్య నాగవేణిని కన్న తల్లి, నాగవేణి కామెర్లతో పోయిన ఏడాదికి నేను ఆ ఇంటికి వచ్చాను, ఇదంతా సిస్టర్‌కు ఎట్లా చెప్పడం, చెప్పినా ఆమె రాసుకునే కాగితంలో దానికి గడి ఉంటుందా. సుబ్బరత్నమ్మ సంచిలోంచి దారపు ఉండ తీసింది. కొత్తచెరువు బస్టాండులో నలభై ఏళ్ళుగా కనకాంబరాలు కట్టి అమ్మే మనిషి, ఆస్పత్రికైనా పెళ్ళికైనా ఆ ఉండ లేకుండా కదలదు. దారం కొసను ఉంగరం కిందినుంచి దూర్చాలి, ఆమెకు కళ్ళు ఆనవు, నాకు అటుపక్క కూర్చున్న హేమలత పిన్నీసు ములుకుతో దారాన్ని మెల్లగా నెట్టి ఇవతలికి తీసింది, నాగవేణి కూతురు హేమలత, నేను పెంచిన పిల్ల, ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళది, సోమందేపల్లె దగ్గర వ్యవసాయ సహాయకురాలు, తెల్లవారి మొదటి బస్సుకే వచ్చింది. ఒకవైపు అవ్వ, ఒకవైపు మనవరాలు, మధ్యలో నా ఎడమచెయ్యి. కేశవ కింద మందుల కిటికీ ముందు వరుసలో నిలబడి ఉంటాడు, ఆయనకు రక్తం చూసినా సూది చూసినా కళ్ళు తిరుగుతాయి, ముప్పై ఏళ్ళు కదిరి డిపోలో కండక్టరు చేసిన మనిషికి ఆ వరుసే నయం.

గడ్డ నిమ్మకాయంత ఉంది అన్నారు స్కానులో, నెల తర్వాత బత్తాయంత అన్నారు, గర్భసంచి మొత్తం తీసేద్దాం, తీశాక ముక్క ల్యాబుకు పంపుదాం అంది డాక్టరమ్మ, ల్యాబుకు ఎందుకో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు, అంగన్‌వాడీలో పాతికేళ్ళు పనిచేసినదాన్ని, అడగకుండానే తెలిసే విషయాలు కొన్ని ఉంటాయి. భయం లేదు అని అందరికీ చెప్పాను. ఉంది. పొద్దున నాలుగింటి నుంచి ఉంది. కానీ ఈ ముసలి వేళ్ళు నా వేలి చుట్టూ దారం చుడుతుంటే, ఒక్కో చుట్టు పక్కన ఇంకో చుట్టు సందు లేకుండా, ఉంగరం అంచు నుంచి కణుపు మీదికి, కణుపు మీదుగా గోటి దాకా, మాల కట్టేటప్పుడు ఎంత బిగువుండాలో అంతే బిగువుతో చుడుతుంటే, భయం కాస్త పక్కకు జరిగి ఇంకోదానికి చోటిచ్చింది, దానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు. 

ఈమెను మొదటిసారి చూసిన రోజు కూడా ఆమె కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయి. నల్లమాడ పక్కన మా ఊళ్ళో నేను కాపురానికి వచ్చి వారం కాలేదు, నాకు ఇరవై నాలుగు, హేమలతకు మూడేళ్ళు. నాగవేణి అమ్మ వస్తాండాదంట, ఆయమ్మ నోరు మంచిది గాదు, జాగర్త, అని పక్కింటివాళ్ళు నన్ను ముందే బెదిరించి పెట్టారు. ఆమె వచ్చి అరుగు మీద కూర్చుంది, నీళ్ళిస్తే ముట్టలేదు, బొట్టు పెట్టబోతే వద్దంది. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. తోచక, పిల్లను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వడం మొదలుపెట్టాను, ఏడాదిగా తల్లి చెయ్యి పడని జుట్టు, కొబ్బరిపీచు, ముట్టుకుంటే ఏడుస్తుంది, నేను కొసల నుంచి మొదలుపెట్టి రెండు వేళ్ళ పొడవు, తర్వాత జానెడు, అట్లా పైకి పైకి చిక్కు తీస్తూ వచ్చాను, పిల్ల ఏడవలేదు, మధ్యలో నిద్రపోయింది కూడా. గంట పట్టింది. ఆ గంటా ఆమె నా చేతుల మీంచి చూపు తిప్పలేదు. లేచి పోతూ గుమ్మం దగ్గర ఆగి, “కొసల నుంచి తీస్తాండావు చిక్కు” అంది, అంతే, మంచిదనీ చెడ్డదనీ అనలేదు. పై నెల మళ్ళీ వచ్చింది. అప్పుడు నీళ్ళు తాగింది. ఆ పై నెల రెండు మూరల కనకాంబరాలు తెచ్చింది, ఒకటి పిల్లకు, ఇంకొకటి ఎవరికని అడక్కుండా నేను కిటికీలో పెట్టాను, ఆమే తీసి నా జడలో గుచ్చి, పూలు వాడిపోవా అట్ల పెడితే, అని కసురుకుంది.

“నొప్పి పెడితే చెప్పు” అంటోంది ఇప్పుడు. వేలి కొస నీలంగా మారింది, దారం కింద రక్తం తొక్కిపట్టినట్టు కొట్టుకుంటోంది. ఇంక కింది కొస పట్టుకుని ఒక్కో చుట్టు విప్పుకుంటూ పోవాలి, విప్పేకొద్దీ దారం ఉంగరాన్ని ముందుకు నెడుతుంది, అదీ ఉపాయం. ఒక చుట్టు, రెండు, మూడు, ఉంగరం కదిలింది, కణుపు ఎక్కబోయేలోపు దారం పుటుక్కున తెగింది. హేమలత “అయ్యో” అంది, ముసలామె దారమంతా లాగేసి మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి రెండు పేటలు. రాయి నా వైపు చూస్తోంది. తెలియనివాళ్ళు దీన్ని వజ్రమంటే నమ్మరు, ఇప్పటి అంగళ్ళలో మెరిసేవాటిలా ఉండదు, కలకండ పలుకులాగా కొంచెం పసుపు రంగు, వెనక బంగారం మూసి ఉంటుంది, ఎదురుగా చూస్తే మామూలు రాయి, పొద్దు వాలేటప్పుడు ఏటవాలు వెలుతురులో మాత్రం లోపల ఎవరో దీపం పెట్టినట్టవుతుంది. సుబ్బరత్నమ్మ మొగుడు హనుమంతరాయుడు, ఆయన తాత వజ్రకరూరు దిక్కు గొర్రెలు మేపుకునేవాడట, వాన వెలిసిన పొద్దున ఒక గొర్రె కుంటుతుంటే గిట్టలో చూస్తే ఇరుక్కుని ఉందట ఈ రాయి. కొనేవాళ్ళు వచ్చి మూడు రోజులు ఇంటి ముందు కూర్చున్నారట, ఆయన ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే వాళ్ళకు భూములుండేవేమో, వాళ్ళావిడ ఆ ఎండల్లో రెండు మైళ్ళు నడిచి నీళ్ళు మోసేది, ఒట్టికాళ్ళతో, ఈయన ఆచారిని బతిమాలి ఉంగరం చేయించి తెచ్చి, “కాళ్ళకు చెప్పులు కొనియ్యలేకపోతిని, ఏలికి ఇది పెట్టుకో” అన్నాడట. ఈ కథ చెప్పేటప్పుడు సుబ్బరత్నమ్మ ప్రతిసారీ నవ్వుతుంది, “ఎర్రి ముండాకొడుకు, చెప్పులే కొనియ్యల్ల గదా మొదుట” అంటుంది, నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంది. ఆ నీళ్ళు మోసిన అవ్వ ముసలితనంలో మనవడికిచ్చింది, నీకెవరి మీద మనసయితే వాళ్ళకు పెట్టు అని, హనుమంతరాయుడు తెచ్చి సుబ్బరత్నమ్మకు పెట్టాడు. ఆయన పోయాక ఆమె గాజులతో పాటు అన్నీ తీసేసి దీన్ని నాగవేణి పెళ్ళిలో నాగవేణికి పెట్టింది. నాగవేణి పోయిన పదకొండో రోజు కేశవ దీన్ని తెల్లగుడ్డలో కట్టి ఆమెకు తిరిగి ఇచ్చేశాడు, ఇది మీ ఇంటిది అని. ఆ ఒక్క పని గురించి విన్నాకే నేను ఆయన్ను చేసుకోవడానికి ఒప్పుకున్నాను, ఈ మాట ఆయనకు ఇప్పటికీ తెలియదు.

కాపురానికి వచ్చిన రెండో ఏడు, ఐదో నెలలో నా కడుపు పోయింది. మగపిల్లవాడు అన్నారు. నా తల్లి నేను పదో తరగతిలో ఉండగానే చనిపోయింది, వదిన వచ్చి రెండు రోజులుండి శనక్కాయ కలుపు ఉందని వెళ్ళిపోయింది, తప్పేం లేదు, కలుపు ఆగదు. మూడో రోజు పొద్దున నేను గోడవైపు తిరిగి పడుకుని ఉంటే వంటింట్లో గిన్నెలు కదిలిన చప్పుడు, కేశవ డ్యూటీకి పోయాడు కదా ఎవరబ్బా అని చూస్తే సుబ్బరత్నమ్మ, మొదటి బస్సుకు దిగి ఉంటుంది, ఒక మూటలో వెల్లుల్లి, రాగిపిండి, బెల్లం, పాతచీరలు చింపిన గుడ్డలు. నలభై రోజులుంది. అక్కడ బస్టాండులో ఆమె కూర్చునే చోటు ఇంకెవరో ఆక్రమించుకున్నారు, ఆ సంగతి నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. నాకు నీళ్ళు పోసేది, నడుముకు గుడ్డ బిగించి కట్టేది, పాలు పడి గట్టిపడిన రొమ్ములకు, పాలు ఇంకిపోవాలని మల్లెపూలు కట్టేది, బిడ్డ లేకుండా పాలు వస్తాయని నాకెవరూ చెప్పలేదు, నేను దానికే ఎక్కువ ఏడ్చాను, ఆమె ఊరుకోమనలేదు, “ఏడ్చు, ఏడ్చు, నేనుండా గదా ఈడ” అనేది. ఒకరోజు నా తల దువ్వింది. కొసల నుంచి. తన కూతురు పడుకున్న మంచం మీద, తన కూతురి మొగుడి ఇంట్లో, తన కూతురి చోటికి వచ్చినదాన్ని పట్టుకుని అంత సేవ ఎట్లా చేసింది, ఆ రాత్రులు ఆమె కడుపులో ఏం తిరిగి ఉంటుంది, నేను పాతికేళ్ళుగా అడగలేదు, అడిగితే ‘నీకెందుకు’ అంటుందని తెలుసు.

నలభై ఒకటో రోజు బస్సెక్కించడానికి నల్లమాడ దాకా పోయాను. ఎండ. బస్సు స్టార్టయి ఉంది, డ్రైవరు హారను కొడుతున్నాడు, ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టి మళ్ళీ దిగి, కొంగు ముడి విప్పి, నా ఎడమచెయ్యి పట్టుకుని ఈ ఉంగరం తొడిగింది. ఇది హేమకు చెందాల్సింది పెద్దమ్మా అన్నాను, హేమ పెద్దదయ్యేదాకా దాచిపెడతాను అన్నాను, ఏదేదో అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. “ఇది నా మనవరాల్ని చూసుకుంటాండావని ఇచ్చేది గాదు. దాచిపెట్టమని ఇచ్చేది గాదు. నువ్వంటే నాకు ఇష్టం, అందుకు పెట్టినా. పెట్టుకో” అంది, అని బస్సెక్కి కూర్చుంది, కిటికీలోంచి మళ్ళీ తిరిగి చూడను కూడా లేదు. నువ్వంటే నాకు ఇష్టం. నా తల్లి నన్ను ప్రేమించే ఉంటుంది, కానీ నోటితో అనేంత తీరిక ఆమెకు ఎప్పుడూ దొరకలేదు, కేశవ మంచివాడే కానీ అట్లాంటి మాటలు ఆయనకు రావు. నల్లమాడ బస్టాండులో, దుమ్ములో, టమాటా బుట్టల మధ్య నిలబడి నేను ఆ మాట మొట్టమొదటిసారి విన్నాను. బస్సు పోయాక కూడా చాలాసేపు ఇంటికి పోబుద్ధి కాలేదు. ఆ రోజు నుంచి ఆమెను అమ్మా అంటున్నాను.

రెండోసారీ దారం జారిపోయింది. సిస్టర్ వచ్చి తొంగిచూసి చేతి గడియారం చూసుకుని పోయింది, చేతిలో కట్టర్ ఉందో లేదో నేను చూడలేదు. పది నలభై. హేమలత నా మోచేతిని పైకెత్తి పట్టుకుంది, చెయ్యి ఎత్తి పెడితే వాపు దిగుతుందని, దాని మొహం నా చేతికి దగ్గరగా ఉంది, పెదవి కొరుక్కుంటోంది, తప్పు చేసిన పిల్లలాగా ఉంది. ఎందుకో నాకు తెలుసు. ఉంగరం ఇట్లా ఇరుక్కోవడానికి కారణం తనేనని దానికి గుర్తొచ్చి ఉంటుంది. దానికి పద్నాలుగేళ్ళప్పుడు ఎవరింట్లోనో పెళ్ళిలో ఎవరో అన్నారట, ఏమ్మే హేమా, మీ అమ్మ ఉంగరం నీకు గదా రావల్ల, ఆయమ్మ పెట్టుకుని తిరుగుతాండాదే అని. పిల్ల వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. చేనులో నేను రాళ్ళు ఏరి గట్టు మీద పోస్తుంటే వచ్చి నిలబడి, అది మా అమ్మది, అంది. అవును, అన్నాను. నాకియ్యి, అంది. నేను వెంటనే తీసి దాని చేతిలో పెట్టాను, అప్పుడు సులువుగానే వచ్చేది. అది ఉంగరాన్ని చూసింది, నన్ను చూసింది, మొహం ఎర్రబడింది, చెయ్యి వెనక్కెత్తి దున్నిన చేనులోకి విసిరేసింది. విసిరేసి ఇంటికి పరిగెత్తింది. 

రెండెకరాల ఎర్రనేల, కొత్తగా దున్నింది, గడ్డలు గడ్డలు. ఎక్కడ పడిందో ఎవరు చెప్పగలరు. సుబ్బరత్నమ్మకు కబురు చేశాను, తిడుతుందనుకున్నాను, వచ్చి, పిల్లను ఒక్క మాటా అనకుండా, కొంగు నడుముకు దోపి చేనులోకి దిగింది. తొమ్మిది రోజులు వెతికాం. కేశవ డ్యూటీ దిగి వచ్చి వెతికేవాడు, హేమ కూడా తలవంచుకుని మా వెనకే వెతికేది. పదో రోజు సాయంత్రం వాన కురిసింది, ఆ ఏడు మొదటి వాన, మా దిక్కున వాన కురిస్తే పండుగ, మాకు ఏడుపొచ్చింది, పదును రెండు రోజులుంటుంది, ఆ రెండు రోజుల్లో విత్తనం పడాలి, గొర్రు తిరిగితే ఉంగరం మట్టిలోకి పోతుంది, విత్తకపోతే ఏడాది పంట పోతుంది. సుబ్బరత్నమ్మే తేల్చి చెప్పింది, “విత్తనం ఏయండి. ఉంగరం పోతే ఉంగరం. పంట పోతే ఏం తింటారు?” పొద్దున ట్రాక్టరు వచ్చింది, నరసింహులు నడుపుతాడు, మేం నలుగురం వరుసగా వంగి నడుస్తుంటే చూసి బీడీ వెలిగించి, “ఏమక్కా, వజ్రాలేరేకి వజ్రకరూరు పోవల్ల గదా, ఈడ ఏమి ఏరతాండారు?” అని నవ్వాడు. విషయం చెప్పగానే నవ్వు ఆపి, బీడీ ఆర్పి, ఇంజను కట్టేసి తనూ దిగాడు. పక్క చేను వాళ్ళు పిలుస్తున్నారు అతన్ని, పదును పోతాంది రాప్పా అని, వస్తాండా ఉండండన్నా అంటూ ఒక్కో సాలు వెతికాడు. వానకు మట్టి కడుక్కుపోయి పలుగురాళ్ళన్నీ బయటపడ్డాయి, ఎటు చూసినా మెరుపులే, వంగి తీస్తే తెల్లరాయి, వంగి తీస్తే తెల్లరాయి, ఆ చేనంతా వజ్రాలే ఉన్నట్టుంది, మాది ఒక్కటే లేదు. పదకొండయింది. ఇంక చాల్లే అన్నాను నేను, నరసింహులు ఇంజను వేశాడు. ఆ చప్పుడులో తుమ్మచెట్టు దగ్గర హేమలత కూలబడినట్టు కూర్చోవడం కనిపించింది, ఎండదెబ్బేమో అని పరిగెత్తాను. మట్టిలో అడ్డంగా దిగబడి ఉంది, రాయి కింద, బంగారపు వంపు పైన, పిల్ల దాన్ని తియ్యకుండా దాని చుట్టూ రెండు చేతులూ పెట్టి కూర్చుంది, ఎవరైనా తొక్కుతారేమోనని. తీసి, తన లంగాకే తుడిచి, నా చెయ్యి లాక్కుని తొడిగింది. గుండెలవిసేట్టు ఏడుస్తోంది. “అడగతానే ఇచ్చేస్తే ఎట్ల చిన్నమ్మా? ఇది నాది పో అనుంటే నేను ఊరికే ఉండేదాన్ని గదా. నీకేం లేకపోయినట్ల ఇచ్చేస్తివే” అంది. ఇంక ఎవరడిగినా తియ్యనని ఒట్టు వేయించుకుంది. పదిహేనేళ్ళు తియ్యలేదు, పిండి పిసికేటప్పుడు తియ్యలేదు, జ్వరాల్లో తియ్యలేదు, వేలు లావైంది, కణుపు ముదిరింది. ఇప్పటికీ హేమ నన్ను చిన్నమ్మా అనే పిలుస్తుంది, అమ్మ అనే పిలుపు నాగవేణిది, దాన్ని నేను ఎప్పుడూ అడగలేదు, చిన్నమ్మ అనే ఆ పిలుపులో నాకు ఏం తక్కువైంది కనక.

మూడోసారి చుట్టేటప్పుడు సుబ్బరత్నమ్మ దారాన్ని నోటితో తడిపింది. చుట్టు మీద చుట్టు కాదు, చుట్టు పక్కన చుట్టు, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంటోంది, మూరకు ఎన్ని పూలో లెక్కపెట్టే అలవాటు. ఈ చేతులు ఎప్పటికీ ఉండవని నాకు తెలుసు, నేనే ముందు పోతానేమో ఇవాళ, అదీ తెలుసు, అయినా ఇట్లాంటి ఒక గంట నా బతుకులో వచ్చింది, ఇద్దరు మనుషులు నా ఒక్క వేలి కోసం చెమటలు పట్టి కూర్చున్న గంట, ఇది రాకుండానే వెళ్ళిపోయేవాళ్ళు ఎంతమంది. మా వైపు ఎవరూ ఎవరికీ థ్యాంక్స్ చెప్పరు, చెబితే పరాయి మనిషిని చేసినట్టు, మొహం చిన్నబుచ్చుకుంటారు, మరి లోపల నిండిపోయినదాన్ని ఏం చేసుకోవాలి, ఎక్కడ పోయాలి. ఒక చుట్టు విప్పింది. ఇంకొకటి. నొప్పి మోచెయ్యి దాకా పాకింది, పళ్ళు కరుచుకున్నాను, హేమ “అయిపోయె, అయిపోయె” అంటోంది, ఉంగరం కణుపు నెత్తికెక్కి క్షణం నిలబడి, అటుపక్కకు జారింది. జారి ముసలామె అరచేతిలో పడింది. ముగ్గురం ఒక్కసారి ఊపిరి వదిలాం. నా వేలి మొదట్లో తెల్లటి గాడి, ఆ చర్మం పదిహేనేళ్ళుగా ఎండ చూడలేదు.

అంతలోనే స్ట్రెచరు వచ్చింది. కేశవ మందుల సంచితో పరుగున వచ్చి నా పాదం పట్టుకున్నాడు, అందరి ముందు ఆయన నన్ను తాకడం అదే మొదటిసారి, పాదం వదలలేదు, తలుపు దాకా అట్లాగే నడిచాడు. “అమ్మా” అన్నాను నేను. సుబ్బరత్నమ్మ వంగింది. “ఏమి?” చెప్పాల్సింది చాలా ఉంది. “ఏం లేదు” అన్నాను. “ఏం లేకపోతే పో. బిన్నా రా” అంది, తొందరగా రమ్మని, వడగళ్ళలాంటి మాట, నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే లోపలికి పోయాను. తెల్లటి దీపాలు, చలి, ఎవరో నా పేరు అడిగారు, జయంతి అని చెప్పాను, పదినుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు, పది, తొమ్మిది, ఎర్రటి చేను, ఎనిమిది, వరుసగా వంగిన నలుగురు, ఏడు, ఆ నలుగురిలో నేనూ ఉన్నాను, నన్ను ఆ వరుసలో నిలబెట్టుకున్నారు, ఆరు.

దాహం. ముందు వచ్చింది దాహం, తర్వాత నొప్పి, తర్వాత కేశవ గొంతు, ఎవరికో ఫోనులో చెబుతున్నాడు, గడ్డ మామూలు గడ్డేనంట, డాక్టరమ్మ చూస్తానే చెప్పిందంట, ల్యాబుకు పంపినారు గానీ భయపడే పని లేదన్నారు, ఆ, ఆ, తెలివొస్తాంది, మళ్ళా చేస్తా. నేను బతికాను. ఈ సంగతి తెలియడానికి కాస్త సమయం పట్టింది, తెలిశాక కళ్ళపక్క నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి, హేమ తుడిచి, తడిగుడ్డతో పెదవులు అద్ది, “రాత్రి దాకా నీళ్ళు ఇయ్యగూడదంట చిన్నమ్మా, రోంత ఓర్చుకో” అంది. పడమటి కిటికీలోంచి ఎండ వాలుగా వార్డులోకి వస్తోంది. స్టూలు మీద సుబ్బరత్నమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఉదయం నుంచి ఏమైనా తిన్నదో లేదో. ఎలిజబెత్ సిస్టర్ వచ్చి సెలైన్ సరిచేసి, “ఇంగ పేషెంటు ఉంగరం పేషెంటుకు పెట్టొచ్చవ్వా, వాపు గూడా తగ్గింది” అంది.

సుబ్బరత్నమ్మ కదల్లేదు. అప్పుడు చూశాను. ఉంగరం ఆమె వేలికే ఉంది. ఆ ఎండిన వేలికి వదులై జారిపోతుందని, కింది భాగమంతా పూలదారం చుట్టి బిగించుకుంది. హనుమంతరాయుడు పోయినప్పటి నుంచీ ముప్పై రెండేళ్ళు ఆ చేతికి ఏదీ లేదు, గాజు లేదు, దారప్పోగు లేదు, అట్లాంటిది వార్డులో పదిమంది మధ్య వజ్రపుటుంగరం పెట్టుకుని కూర్చుంది. నేను చూస్తున్నానని గమనించి చెయ్యి కొంగు కిందికి తీసుకుంది, కొత్త పెళ్ళికూతురు కూడా అంత తొందరగా దాచదు. “సంచిలో పెడితే యాడన్నా పడిపోతుందని పెట్టుకున్న్యా” అంది. సిస్టర్ పక్క మంచానికి పోయింది. తర్వాత ముసలామె మెల్లగా చెయ్యి బయటికి తీసింది.

“నాలుగు దినాలు నా ఏలికే ఉండనీ జయంతీ” అంది. “ఆయప్ప పెట్టినప్పుడు నాకు పదారేండ్లు. సిగ్గుతో తల ఎత్తలేదు. అప్పుడు సరింగా చూసుకోనే లేదు.”

“ఉండనీమ్మా” అన్నాను.

ఆమె స్టూలును కిటికీ వైపుకు జరుపుకుంది, వాలు ఎండలో చెయ్యి చాపి, వేళ్ళు విడదీసి, అటూ ఇటూ తిప్పి చూసుకోవడం మొదలుపెట్టింది.